హన్మకొండలో గ్రీన్ బిల్డింగ్: ఆ 30 శాతం ఆదా మీటర్లో కనిపించాలంటే

అడిగిన విషయం క్లుప్తంగా ఇది: హన్మకొండలో 30,000 చదరపు అడుగుల ఆఫీసు భవనం, గ్రౌండు మీద మూడు అంతస్తులు. గ్రీన్ రేటింగ్ (కరెంటు, నీళ్లు పొదుపుగా వాడేలా కట్టిన భవనానికిచ్చే సర్టిఫికెట్) తీసుకుంటే కరెంటు 30 శాతం ఆదా అవుతుందని కన్సల్టెంట్ అంటున్నాడు. అంత ఖర్చు పెట్టాక బిల్లులో ఆ ఆదా నిజంగా కనిపిస్తుందా, లేక గోడకు తగిలించుకునే ఫలకం మాత్రమే మిగులుతుందా?

నేను ఎనర్జీ ఆడిటర్‌ని. వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఆఫీసులు, ఆస్పత్రులు, కాలేజీలు చూస్తూ 19 ఏళ్లు గడిపాను. రెండు రకాల భవనాలూ చూశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఆ 30 శాతం దేని మీదో అడగండి. మీకు ఇంకా బిల్లే లేదు కదా, మరి దేంట్లోంచి తగ్గుతుంది? కన్సల్టెంట్ కంప్యూటర్లో రెండు భవనాలు కడతాడు. ఒకటి మీది. ఇంకోటి అదే సైజులో, కోడ్ (భవనాల్లో కరెంటు పొదుపు మీద ప్రభుత్వ నియమాలు) చెప్పిన కనీస గోడలు, అద్దాలు, ఏసీలతో ఉన్న ఊహా భవనం. రెండింటినీ ఏడాది పాటు కంప్యూటర్లోనే నడిపి, రెండోదాని కంటే మొదటిది 30 శాతం తక్కువ తిన్నదని చూపిస్తాడు. ఇందులో మోసమేమీ లేదు, లెక్క లెక్కే. కాకపోతే ఆ లెక్కలో మీ ఆఫీసు ఉదయం 9కి తెరిచి సాయంత్రం 6కి మూస్తారు, ఏసీ 24 డిగ్రీల మీదే ఉంటుంది, మనిషి లేని గదిలో లైటు వెలగదు, ఫిల్టర్లు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి. అలాంటి ఆఫీసు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

అమెరికాలో లీడ్ అనే గ్రీన్ రేటింగ్ వచ్చిన 121 భవనాల అసలు వాడకాన్ని 2008లో పట్టి చూశారు. సగటున ఆదా కనిపించింది. కానీ ఒక్కో భవనాన్ని విడిగా చూస్తే అంచనాకు, మీటరుకు పొంతన లేదు. కొన్ని అంచనా కంటే బాగా నడిచాయి, కొన్ని అంచనా కంటే ఎంతో ఎక్కువ కరెంటు తిన్నాయి. మీరు కట్టేది ఒక్క భవనమే కాబట్టి సగటు మీకు పనికిరాదు.

మన దగ్గర రేటింగుల పని పాతదే. హైదరాబాదులోని సీఐఐ (పరిశ్రమల సంఘం) వారి సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్‌లో అన్నిటికంటే పై మెట్టయిన ప్లాటినం మొదట వచ్చింది దానికే. మన దేశంలో గ్రీన్ రేటింగులిచ్చే ఐజీబీసీ ఇప్పటికీ అక్కడినుంచే నడుస్తుంది. అంటే మనవాళ్లకు విద్య రాక కాదు. డ్రాయింగు దగ్గర మొదలైన శ్రద్ధ గృహప్రవేశం నాటికి చల్లారిపోతుంది, తేడా అక్కడే వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. పేరు, ఊరు వద్దు. మీ భవనానికి రెట్టింపు సైజుండే ఆఫీసు, మంచి రేటింగే వచ్చింది. మూడో ఏడు బిల్లులు చూసి యజమాని నన్ను పిలిచాడు. పగలు వెళ్తే అంతా సలక్షణంగా ఉంది. నేను ముందు లోపలికి పోలేదు, మీటరులోని లోడ్ సర్వే డేటా తెప్పించుకున్నాను. హెచ్‌టీ (పెద్ద వాడకానికిచ్చే హైటెన్షన్ కనెక్షన్) మీటరు కొన్ని నిమిషాలకోసారి ఎంత లోడ్ ఉందో రాసుకుంటుందని చాలామంది యజమానులకు తెలియదు. పగలు 210 కిలోవాట్లు. అర్ధరాత్రి రెండింటికి 52. సర్వర్లు, సెక్యూరిటీ లైట్లు, బోరు మోటారు అన్నీ కలిపినా 20 దాటకూడదు.

ఆ రాత్రి పదకొండింటికి వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని పైకెక్కాను. చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) ఆగి ఉంది కానీ చల్లనీళ్ల పంపు తిరుగుతూనే ఉంది. దానికి వీఎఫ్‌డీ అనే వేగం మార్చే పరికరం పెట్టారు, లోడ్ తగ్గితే పంపు వేగం తగ్గాలని. అది ఎప్పుడో ఒకసారి ట్రిప్ అయితే బైపాస్‌లో పెట్టారు, రెండేళ్లుగా బైపాస్‌లోనే ఉంది, అంటే పంపు ఎప్పుడూ పూర్తి వేగమే. బాత్రూముల ఎగ్జాస్టు ఫ్యాన్లు ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతున్నాయి. ఒక అంతస్తులో ఏహెచ్‌యూ (చల్లగాలి పంపే పెద్ద ఫ్యాన్ యూనిట్) ఆన్‌లోనే ఉంది, ఖాళీ కుర్చీలకు గాలి విసురుతూ. అనవసరంగా తిరుగుతున్నది 32 కిలోవాట్లు. రాత్రికి 10 గంటలు, 365 రోజులు వేసుకోండి: 1,16,800 యూనిట్లు. ఈ లెక్క ఏ సర్టిఫికెట్లోనూ ఉండదు.

మర్నాడు పొద్దున ఇంకోటి చూశాను. పడమర వైపు నిలువెత్తు అద్దం. సహజ కాంతి లోపలికి వస్తుందని దానికి రేటింగులో పాయింట్లు కూడా పడ్డాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఆ వరసలో ఎవరూ కూర్చోలేరు, మొహమ్మీద ఎండ. స్టాఫ్ ఏం చేశారంటే, ఏదో పాత ఫంక్షన్ ఫ్లెక్సీ తెచ్చి, వెనక్కి తిప్పి అద్దానికి అంటించేశారు. ఇప్పుడు వెలుతురు రాదు, కాబట్టి పగలంతా లైట్లు వెలుగుతాయి. వేడి మాత్రం అద్దం దాటి ఫ్లెక్సీ వెనక చేరి లోపలికే వస్తుంది. అద్దం ఖర్చు, లైట్ల ఖర్చు, ఏసీ ఖర్చు మూడూ ఆయనవే. వాళ్లను తప్పుపట్టను. మే నెలలో వరంగల్ పడమటి ఎండ ఎదురుగా కూర్చుంటే నేనైనా అదే చేస్తాను.

అక్కడ ప్లాంటు ఆపరేటర్ ఒక మాటన్నాడు: “సార్, చల్లగ లేదని ఫోనొస్తే నా మీదికొస్తది. బిల్లెక్కువొస్తే నన్నెవరు అడుగుతరు?” ఇన్నేళ్లలో నేను చదివిన ఏ రిపోర్టూ ఇంత సూటిగా చెప్పలేదు. ఏజెన్సీ ద్వారా వచ్చిన కుర్రాడు, జీతం అంతంత మాత్రం. తిట్లు ఒక వైపు నుంచే పడతాయని తెలిశాక ఏసీని 20 మీద పెట్టి హాయిగా కూర్చుంటాడు. సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం వరకు ఆదా అని బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) ఎన్నేళ్లుగానో చెబుతోంది. అంటే 24 అనుకుని లెక్క వేసిన భవనాన్ని 20 మీద నడిపితే, ఏసీ వరకు చూసుకున్నా కన్సల్టెంట్ చూపిన ఆదాలో చాలా భాగం ఆ నాబ్ దగ్గరే ఆవిరి.

అందుకే నేను ఆదాను రెండు కుప్పలుగా చూస్తాను. ఎవరూ పట్టించుకోకపోయినా పనిచేసేవి ఒక కుప్ప. రోజూ ఎవరో ఒకరు పట్టించుకుంటేనే పనిచేసేవి ఇంకో కుప్ప. మన ఊళ్లలో డబ్బు మొదటి కుప్పలో పెట్టండి. రెండోదాంట్లో తప్పనిసరైనంతే.

మొదటి కుప్పలో అన్నిటికంటే ముందు దిక్కు. వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఉత్తరపు కిటికీకి కూడా చిన్న సజ్జ కావాలి, దక్షిణానికి మామూలు సజ్జ చాలు. పడమర కథ వేరు. అక్కడ సూర్యుడు వాలి వస్తాడు, ఎంత సజ్జ పెట్టినా కింది నుంచి దూరతాడు. అటువైపు మెట్లు, లిఫ్టు, బాత్రూములు, రికార్డు రూము పెట్టించండి. కిటికీ తప్పదంటే బయట నిలువు పలకలు పెట్టాలి, లోపలి కర్టెన్ కాదు. లోపలికి వచ్చేసిన వేడిని కర్టెన్ బయటికి పంపలేదు. తూర్పు, ఉత్తరాలు ఎక్కువ తెరిచి ఉంచమనే వాస్తుతో దీనికి పేచీ లేదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడం తేలిక. ఇదంతా ప్లాను గీసేటప్పుడైతే పైసా ఖర్చు లేని పని. పునాది పడ్డాక ఎంత పెట్టినా రాదు.

గోడలకు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి గదులుండే తేలిక కాంక్రీటు బ్లాకులు) వాడండి. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ యూ-వాల్యూ రెండు దగ్గర ఉంటుంది. ఎనిమిది అంగుళాల ఏఏసీ గోడది ఒకటి కంటే తక్కువ. యూ-వాల్యూ అంటే గోడలోంచి వేడి ఎంత సులువుగా దూరుతుందనే అంకె, తక్కువైతే మంచిది. (పాలంపేట రామప్ప గుడి గోపురంలో నీళ్లలో తేలే ఇటుకలు పెట్టారు కదా, అది కూడా ఇదే అని కొందరు వాట్సాప్‌లో పంపుతుంటారు. ఇటుకలో గాలి గదులు ఉండటం వరకు పోలిక సరే. కాకతీయులు అది చేసింది బరువు తగ్గించడానికి, చలువ కోసం కాదు.) ఒక జాగ్రత్త: ఈ బ్లాకులకు మామూలు ప్లాస్టరు చేసి, నీళ్లు సరిగా కొట్టకపోతే పగుళ్లొస్తాయి. అలవాటున్న మేస్త్రీని పెట్టుకోండి.

పైకప్పు గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు. మీది నాలుగు అంతస్తులు కాబట్టి స్లాబు వేడి పై అంతస్తుకే. అయినా వదలొద్దు, ఆ అంతస్తులో కూర్చునేవాళ్లే కదా రేపు ఏసీని 18కి దింపేది. ఏమీ వేయని స్లాబు యూ-వాల్యూ 3.5 పైనే. ఇళ్లకు 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత 1.2 దాటొద్దంటుంది. ఆఫీసులకు 2017 నాటి ఈసీబీసీ (మొదట్లో చెప్పిన కోడ్ ఇదే) ఏకంగా 0.33 అడుగుతుంది. అంటే స్లాబు మీద మూడు అంగుళాల పైన మంచి ఇన్సులేషన్ బోర్డు. మీకు వంద కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (భవనంలోని పరికరాలన్నీ కలిపిన లోడ్) ఎలాగూ దాటుతుంది కాబట్టి ఈసీబీసీ మీకు వర్తిస్తుంది, రేటింగు తీసుకున్నా తీసుకోకపోయినా. కన్సల్టెంట్ దీన్ని కూడా రేటింగు కోసం చేస్తున్న అదనపు పనిగా చూపిస్తుంటే గట్టిగా అడగండి, చట్టం ఎలాగూ చేయమన్న పనికి మళ్లీ ఫీజు ఎందుకని.

దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కమర్షియల్ భవనాలకు అది తప్పనిసరి. తెల్ల పెయింటో తెల్ల టైల్సో వేస్తారు, ఫొటో తీస్తారు, సర్టిఫికెట్ వస్తుంది. రెండు ఎండాకాలాలు పోయాక ఆ కప్పు మీదికి ఎక్కి చూడండి. మన దుమ్ము సంగతి తెలిసిందే, తెలుపు కాస్తా బూడిద రంగు. ఉగాదికి ఇల్లు కడుక్కున్నట్టు ఏడాదికోసారి కప్పు కూడా కడిగించాలి. పెయింటు కంటే టైల్సు మేలంటాను, కడిగితే మళ్లీ తెల్లబడతాయి.

ఇక కిటికీలు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మన దగ్గర ఏసీ అవసరం చాలావరకు ఉండదు, కిటికీలు తెరిస్తే చాలు. కాగితం మీద ఇది పెద్ద ఆదా. వాస్తవంలో కిటికీ తెరిస్తే కోతులు! ఇది కోడ్ రాసేవాళ్లకు తోచని సమస్య, మనకు నిత్యం. నేను చూసిన ఒక కాలేజీలో తెరుచుకునే కిటికీలన్నిటినీ మొదటి ఏడే స్క్రూలు కొట్టి మూసేశారు, ఎవరిదో టిఫిన్ బాక్సు పోయిందని. సాయంత్రమైతే దోమలు. కాబట్టి కిటికీకి గ్రిల్లు, గట్టి ఇనుప జాలీ, లోపల దోమతెర మూడూ డ్రాయింగులోనే చూపించి ఎస్టిమేటులో పెట్టండి. అవి లేని కిటికీ ఉన్నా మూసి ఉన్నట్టే లెక్క. పైకప్పు మీది పైపుల ఇన్సులేషన్‌నూ కోతులు పీకేస్తాయి, దాని మీద అల్యూమినియం రేకు తొడుగు వేయించండి. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి పెట్టండి, పాతవి 75 వాట్లు తింటే ఇవి 30 చిల్లర. ఫ్యాన్ ఉంటే ఏసీ 26 మీద కూడా చల్లగానే ఉంటుంది.

ఏసీ సైజు దగ్గర మాత్రం పంతం పట్టండి. మన దగ్గర వంద అడుగులకు ఒక టన్ను అని నోటి లెక్క ఒకటుంది. ఆ లెక్కన మీకు 300 టన్నులు రాస్తారు. పైన చెప్పిన గోడలు, కప్పు, నీడ చేసి లోడ్ సరిగ్గా లెక్కగడితే అందులో సగం దగ్గరే ఆగిన భవనాలు చూశాను. కానీ సప్లయర్ “ఎందుకైనా మంచిది” అంటాడు, ఆర్కిటెక్టు “ఎందుకైనా మంచిది” అంటాడు, కరెంటు కాంట్రాక్టరూ అదే అంటాడు. ముగ్గురి మంచీ మీ బిల్లులోకి వస్తుంది. పెద్ద ప్లాంటు ఏడాదంతా సగం లోడ్ మీద ఈడుస్తుంది, దానికి తగ్గ పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, దానికి తగ్గ పెద్ద సీఎండీ (కరెంటు సంస్థతో ఒప్పందం చేసుకున్న గరిష్ట డిమాండ్). మీరు ఎంత పొదుపుగా వాడినా హెచ్‌టీలో సీఎండీలో 80 శాతానికి డిమాండ్ చార్జీ కట్టాల్సిందే. యూనిట్లు తగ్గినా బిల్లు తగ్గలేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మంది కథ ఇదే. ఒక ఏడాది మీటరు చూసి, అవసరమైతే సీఎండీ తగ్గించమని మన కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకోండి.

సోలార్ పెట్టుకోండి, మంచిదే. కానీ ఆదా లెక్కలో దాన్ని కలపనివ్వకండి. సోలార్ బిల్లును తగ్గిస్తుంది, భవనం తిండిని తగ్గించదు. కొందరు కన్సల్టెంట్లు రెండూ కలిపి ఒకే శాతం చెబుతారు. విడివిడిగా రాసివ్వమనండి.

ఇప్పుడు అసలు విషయం. ఒప్పందంలో శాతం రాయించకండి, యూనిట్లు రాయించండి. మీ 30,000 అడుగులంటే సుమారు 2,787 చదరపు మీటర్లు. ఏడాదికి 4,20,000 యూనిట్లు కాలిందనుకుందాం, భాగిస్తే చదరపు మీటరుకు 150. దీన్నే ఈపీఐ అంటారు. ఆఫీసు భవనాలకు బీఈఈ 2009 నుంచి స్టార్ రేటింగ్ ఇస్తోంది, ఫ్రిజ్‌కు ఇచ్చినట్టే. హైదరాబాద్ ఉన్న కాంపోజిట్ (ఎండ, ఉక్క, చలి కలిసిన) వాతావరణానికి, సగం కంటే ఎక్కువ ఏసీ ఉన్న ఆఫీసుకు అది మొదలైనప్పటి పట్టీ ఇది: 190 నుంచి 165 ఒక స్టార్, 165 నుంచి 140 రెండు, 140 నుంచి 115 మూడు, 115 నుంచి 90 నాలుగు, 90 లోపు అయిదు. మీ 150కి రెండు స్టార్లు. నాలుగు స్టార్లు కావాలంటే 3,20,000 దాటకూడదు, అంటే ఏడాదికి లక్ష యూనిట్లు తగ్గాలి. ఈ రేటింగులో నాకు నచ్చేది ఒక్కటే: అది కంప్యూటర్ సిమ్యులేషన్ చూడదు, ఏడాది అసలు వాడకం చూస్తుంది. దీనికి ఎందుకో మన దగ్గర అంత పేరు రాలేదు. ప్రారంభోత్సవం రోజున చేతికి రాదు కాబట్టి కావచ్చు.

కన్సల్టెంట్‌తో, ఏసీ కాంట్రాక్టరుతో ఇలా రాసుకోండి: మనుషులు వచ్చి కూర్చున్నాక రెండో ఏడాదిలో వాడకం 3,20,000 యూనిట్లు మించకూడదు. ఫీజులో పది శాతం అప్పటిదాకా ఆపుతాం. ఆఫీసు వేళలు, మనుషుల సంఖ్య మారితే లెక్క ఎలా సర్దాలో ముందే రాసుకుందాం. ఆస్ట్రేలియాలో నాబర్స్ అనే పద్ధతిలో బిల్డర్లు భవనం కట్టకముందే ఇన్ని స్టార్లు తెస్తామని మాటిచ్చి ఒప్పందం చేసుకుంటారు, తర్వాత మీటరు చూసి తేల్చుతారు. అక్కడ పెద్ద ఆఫీసు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఆ అంకె చూపించాల్సిందే. మాట తప్పితే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి సైటు మీద శ్రద్ధ దానంతటదే వస్తుంది. మీ కన్సల్టెంట్ ఈ షరతుకు ఒప్పుకోకపోతే కోప్పడకండి, ఎంత అంకెకు ఒప్పుకుంటాడో అడగండి. అతను నిజంగా నమ్మే ఆదా అంతే.

ఈ మాట నిలబడాలంటే సబ్ మీటర్లు (ఒక్కో భాగం వాడకాన్ని విడిగా చూపే లోపలి మీటర్లు) కావాలి. ఏసీ ప్లాంటుకు ఒకటి, ఒక్కో అంతస్తు లైట్లకు, ప్లగ్గులకు ఒకటి, లిఫ్టు, పంపులకు ఒకటి. మొత్తం ఖర్చులో ఇవి లెక్కలోకి రానంత చిన్నవి. కానీ బడ్జెట్ తగ్గించాల్సి వస్తే మొదట కొట్టేసేది వీటినే, గమనించండి. మీరు వాటిని కొట్టేయనిచ్చిన రోజున పై ఒప్పందం చిత్తుకాగితం. ప్లాంటు అప్పగించే పరీక్ష చలికాలంలో పెట్టిస్తే ఒప్పుకోకండి, జనవరిలో ఏ ఏసీ అయినా పాసవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ ఒకసారి అన్నీ నడిపి చూపించాలని రాయించండి.

ఆపరేటర్‌కు నెలనెలా రాత్రి యూనిట్ల లక్ష్యం పెట్టి, అది తగ్గిన నెల చిన్నదైనా బోనస్ ఇవ్వండి. పైన చెప్పిన ఆఫీసులో చివరికి చేసింది ఇదే. పంపుకు టైమరు పెట్టాం, వీఎఫ్‌డీ బాగు చేయించాం. మిగతాది ఆ కుర్రాడే చేశాడు. రాత్రి రెండింటి లోడ్ 52 నుంచి 23కి వచ్చింది. పడమటి అద్దం మాత్రం అలాగే ఉంది, ఫ్లెక్సీ మార్చారంతే.

ప్రభుత్వం ఏం చేయాలని మీరు అడగలేదు, అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు కోడ్ తనిఖీ అంతా డ్రాయింగులు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వరకే. మనుషులు వచ్చి కరెంటు కాల్చడం మొదలయ్యాక చూసే దిక్కు లేదు. చూడటానికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. ఏ భవనం ఎన్ని యూనిట్లు కాల్చిందో హన్మకొండలోనే ఉన్న ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయానికి తెలుసు. ఏ భవనం ఎన్ని చదరపు మీటర్లో ఆస్తి పన్ను కోసం కార్పొరేషన్‌కు తెలుసు. ఒకరి దగ్గర పై అంకె, ఇంకొకరి దగ్గర కింది అంకె. భాగించే చెయ్యి లేదంతే.

రేటింగు తీసుకోవాలా వద్దా అంటే: అద్దెకిచ్చే భవనమైతే తీసుకోండి, పెద్ద కంపెనీలు అడుగుతాయి. మీరే వాడుకునేదైతే ఆ ఫీజును ముందు సబ్ మీటర్లకు, పైకప్పు ఇన్సులేషన్‌కు పెట్టి, ఏడాది తర్వాత బీఈఈ స్టార్‌కు దరఖాస్తు చేయండి. మీ ప్లానులో పడమర వైపు ఏముందో, ఏసీ ఎన్ని టన్నులు రాశారో, సీఎండీ ఎంత అడిగారో చెబితే ఆ మూడింటి మీద ఇంకా వివరంగా రాస్తాను. స్లాబు పడకముందే చెప్పండి.